సవరణ: యూరియేజ్ స్ఫటికం వేరు, నిర్మాణం వేరు

1926లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో రసాయన శాస్త్రవేత్త జేమ్స్ సమ్నర్, యూరియాను విరగ్గొట్టే యూరియేజ్ అనే ఎంజైము నిర్మాణం కనుక్కున్నాడని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. ఆయన తీసింది స్ఫటికాలు. ఎంజైము అంటే ప్రోటీనే అని వాటితో చూపించాడు. లోపల పరమాణువులు ఎక్కడెక్కడ ఉన్నాయో అప్పట్లో ఎవరూ చూడలేదు.

అలాగని ఆయన పని చిన్నదేం కాదు. పదిహేడేళ్లకే ఎడమచెయ్యి పోయిన మనిషి, యూరియేజ్ కోసం 1917 నుంచి తొమ్మిదేళ్లు జాక్ బీన్ గింజల పిండితో కుస్తీ పట్టాడు. ఈ జాక్ బీన్ మన తమ్మకాయకు దగ్గరి చుట్టమే. ల్యాబ్‌లో ఐసుపెట్టె లేని రోజుల్లో గింజల సారాన్ని కిటికీ గట్టు మీద పెట్టి చలి కోసం ఎదురుచూసేవాడట! చివరికి అసిటోన్ కలిపి వడగట్టి, రాత్రంతా చల్లగా ఉంచి, పొద్దున్నే ఒక చుక్కను మైక్రోస్కోపు కింద చూస్తే సన్నని స్ఫటికాలు. చాలామంది నమ్మలేదు. నోబెల్ వచ్చేసరికి 1946 అయింది.

ఎక్స్‌రేలతో నిర్మాణం తేలిన మొదటి ఎంజైము గుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్. 1965లో లండన్‌లో డేవిడ్ ఫిలిప్స్ బృందం తేల్చింది. జాక్ బీన్ యూరియేజ్ వంతు 2010లో గానీ రాలేదు, అదీ మన పక్కనే, మద్రాసు యూనివర్సిటీ నుంచి.

ఇంకొకటి. యూరియేజ్‌లో యూరియాను అమోనియాగా విరగ్గొట్టే చోట ఇనుము ఉంటుందని కూడా ఆ పోస్టులో అన్నాను. ఇనుము కాదు, రెండు నికెల్ అయాన్లు. పాత పోస్టులో రెండూ దిద్దేశాను.