నల్లబడిన దరఖాస్తు

పాత భవనాన్ని కూల్చబోతున్నారని తెలిసి, ఒకప్పటి మా ఫొటోగ్రఫీ క్లబ్బు సభ్యులం మొన్న కాలేజీలో కలుసుకున్నాం. ఫొటోలు కడిగే చీకటిగదిలో, అంటే డార్క్‌రూములో, ఆఖరి ప్రింటు తీసే గౌరవాన్ని నాకు అప్పగించి, మిత్రులందరూ టీకి వెళ్లిపోయారు.

చదువుకునే రోజుల్లోనే చెమ్మకు ఉబ్బి, భుజంతో మోదితే తప్ప తెరుచుకోని ఆ తలుపు, ఈసారి మోదినా కదలలేదు. తెర వెలుగు సోకితే కాగితం పాడవుతుందని ఫోను బయటే వదిలాను. మామూలు బల్బు ఏనాడో మాడిపోయింది. ఎర్రదీపం, కాగితం మీద బొమ్మను తేల్చే డెవలపరు ద్రావణం, ఆ బొమ్మను నిలిపే హైపో ద్రావణం, నేను మిగిలాం.

నా కేకలకు వచ్చిన గుమాస్తాగారు, తలుపు భవన విభాగానిదనీ, గొళ్లెం విద్యార్థి విభాగానిదనీ, కనుక రాతపూర్వకమైన దరఖాస్తు లేనిదే దేన్నీ ముట్టుకోవడం కుదరదనీ సెలవిచ్చారు. ఆఫీసు కాగితం బయటివారికి ఇవ్వకూడదట. నేను లోపలే ఉన్నాను కదా అని మనవి చేస్తే, "మీరు లోపలున్న బయటివారు" అన్నారు.

లోపల ఉన్నది ఫొటో కాగితమే. దాని మీది వెండి లవణాలను ఎర్రవెలుగు ఏమీ చేయదు. తెల్లని వెలుగు తగిలాక మాత్రం డెవలపరు వాటిని నల్లని వెండిగా మార్చేస్తుంది. నా చేతులు అప్పటికే డెవలపరులో మునిగి ఉన్నాయి. "మహారాజశ్రీ" నుంచి "ఇట్లు తమ విధేయుడు" వరకు పొందికగా రాసి, తలుపు కింది సందులోంచి బయటికి తోశాను. బయట కాసేపు నిశ్శబ్దం. ఆ తెల్లకాగితం మీద, ఎవరూ ముట్టుకోకుండానే, మొదట ఒక బొటనవేలు, తరువాత నాలుగు వేళ్లు, ఆపైన నిండు అరచేయి నల్లగా తేలుతూ వచ్చి, నా విన్నపాన్ని పేరాల వారీగా కప్పేశాయట. ఎంత ధైర్యవంతుడైనా అక్కడ ఆంజనేయ దండకం అందుకునేవాడు. గుమాస్తాగారు మాత్రం గొంతు సవరించుకుని, "సంతకం చేయగలిగినవారి వేలిముద్రలు చెల్లవు. మళ్లీ రాయండి" అన్నారు.

హైపో వెండి లవణాలను కరిగిస్తుందని శాస్త్రవేత్త హెర్షెల్ 1819లోనే కనిపెట్టి పుణ్యం కట్టుకున్నాడు కాబట్టి, రెండో కాగితాన్ని అందులో నానబెట్టి, చేతులు తుడుచుకుని రాశాను. అది నల్లబడలేదు గాని, తడి కాగితం మీద ఆఫీసు ముద్ర నిలవదని, ఆరేదాకా ఆగమన్నారు.

అది ఆరకముందే, బల్లలు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి ఉలితో తలుపును లేపి నన్ను బయటికి లాగాడు. అనుమతి లేకుండా తలుపు తెరిచినందుకు గుమాస్తాగారు ఇప్పుడు సంజాయిషీ అడుగుతున్నారు, అదీ రాతపూర్వకంగానే.