జెట్లు రాకముందే అట్లాంటిక్‌ను ఆగకుండా దాటారు

“ప్రొపెల్లర్ విమానాలకు అట్లాంటిక్‌ను ఆగకుండా దాటే సత్తా లేదు, 1958లో బోయింగ్ 707 వచ్చాకే అది కుదిరింది. కాన్‌స్టెలేషన్‌ను డిజైన్ చేసింది హోవార్డ్ హ్యూస్, దానికి మూడు తోకలు అందం కోసం పెట్టారు.” ఈ పోస్టు తెగ తిరుగుతోంది. కాన్‌స్టెలేషన్ అంటే అమెరికాలోని లాక్‌హీడ్ కంపెనీ తయారుచేసిన ప్రొపెల్లర్ విమానం. ఇక ఆ పోస్టు సంగతంటారా, ఇందులో ఏదీ నిజం కాదు.

ముందు దూరం సంగతి. 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్ బయల్దేరిన ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వారి కాన్‌స్టెలేషన్ ‘మలబార్ ప్రిన్సెస్’ కైరో, జెనీవాల్లో ఆగుతూ వెళ్లిన మాట నిజమే. కానీ పిస్టన్ విమానం, అంటే కారులో లాంటి పిస్టన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిప్పే విమానం, అక్కడే ఆగిపోలేదు కదా! 1956లో డగ్లస్ డీసీ-7సీ, 1957లో కాన్‌స్టెలేషన్ కుటుంబంలో ఆఖరిదైన లాక్‌హీడ్ స్టార్‌లైనర్ సర్వీసులోకి వచ్చాయి. 150 అడుగుల సన్నటి రెక్క, 36 వేల లీటర్లకు పైగా పెట్రోలు. 1957 అక్టోబర్‌లో అమెరికా విమాన సంస్థ టీడబ్ల్యూఏ వారి స్టార్‌లైనర్ లండన్‌లో లేచి ఎక్కడా దిగకుండా శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది, 23 గంటలకు పైగా గాల్లోనే ఉండి.

అంత దూరం ఎలా వెళ్లగలిగిందంటే, దాని 18 సిలిండర్ల రైట్ ఇంజిన్‌లో వృథాగా పోయే ఎగ్జాస్ట్ వేడి గాలితో మూడు చిన్న టర్బైన్లు తిప్పి, ఆ శక్తిని మళ్లీ ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసుకే (క్రాంక్‌షాఫ్ట్) అందించేవారు. అంటే అంతే పెట్రోలుతో అదనపు బలం. రాత్రిపూట కిటికీలోంచి చూస్తే ఎగ్జాస్ట్ మంటలు కనిపించేవి. నా దృష్టిలో పిస్టన్ ఇంజిన్ అందుకున్న శిఖరం అదే.

ఇక 707 మాటకొస్తే, 1958 అక్టోబర్ 26న న్యూయార్క్ నుంచి పారిస్‌కు అమెరికా విమాన సంస్థ పాన్ యామ్ నడిపిన మొదటి జెట్ సర్వీసే ఇంధనం కోసం కెనడాలోని గాండర్‌లో దిగింది! దూరం వెళ్లే 707-320 వచ్చింది ఆ మరుసటి ఏడాది.

హ్యూస్ టీడబ్ల్యూఏలో పెద్ద వాటాదారు, ఎలాంటి విమానం కావాలో అడిగిన కస్టమర్. డిజైన్ చేసింది లాక్‌హీడ్‌లో హాల్ హిబ్బర్డ్, కెల్లీ జాన్సన్‌ల బృందం. వాళ్ల కష్టాన్ని ఇంకొకరి ఖాతాలో వేయడం అన్యాయం. మూడు తోకలంటారా, ఒకటే పెడితే అది బాగా ఎత్తయి అప్పటి హ్యాంగర్లలో పట్టేది కాదు.

మరి పిస్టన్ విమానాలు ఎందుకు పోయాయి? గాండర్‌లో ఆగినా సరే, ఆ 707 తొమ్మిది గంటల్లోపే పారిస్ చేరింది. పైగా జెట్ ఇంజిన్‌కు రిపేర్ల బెడద తక్కువ. స్టార్‌లైనర్లు 44 మాత్రమే తయారయ్యాయి.