లూపస్‌కు ఊదా దీపాలు చాలు, ఇక లెక్క కావాలి

ఏటా మే 10 వస్తుంది. కొన్ని దేశాల్లో ప్రభుత్వ భవనాలకు ఊదా రంగు దీపాలు వెలుగుతాయి. ఒక మంత్రి గారు ప్రకటన చదువుతారు, రోగుల సంఘాల వాళ్లు ఆయన పక్కన నిలబడి ఫొటో దిగుతారు. 2004లో మొదలైన ప్రపంచ లూపస్ దినం ఇలా రెండు దశాబ్దాలు దాటేసింది. ఈ తంతు వద్దని నేను అనను. దీన్నే ప్రభుత్వ గుర్తింపుగా చెలామణి చేస్తే మాత్రం ఒప్పుకోలేను. ఈ జబ్బు ఎంతమందికి ఉంది, వాళ్లు ఎక్కడున్నారు, ఏ మందు మీద బతుకుతున్నారు, చివరికి దేనివల్ల పోతున్నారు? ఈ నాలుగింటికీ సర్కారు దగ్గర జవాబు ఉంటేనే లూపస్‌ను గుర్తించినట్టు. చాలా ప్రభుత్వాల దగ్గర ఒక్కదానికీ లేదు.

జబ్బు గురించి క్లుప్తంగా చెప్పేస్తాను, ఇది చదివేవాళ్లకు చాలావరకు తెలిసిందే. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ ఒంటి మీదే తిరగబడుతుంది. పది మంది రోగుల్లో తొమ్మిది మంది ఆడవాళ్లే. ఎక్కువగా 15 నుంచి 44 ఏళ్ల మధ్య బయటపడుతుంది. అంటుకోదు, పూర్తిగా పోదు, మందులతో అదుపులో ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ వేసి చూపించే గుర్తు ఒకటుంది. రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి మచ్చ వస్తుంది. ముక్కు పక్క నుంచి పెదవుల చివరికి దిగే మడతను మాత్రం వదిలేస్తుంది. చిక్కేమిటంటే ఆ మచ్చ అందరికీ రాదు. వచ్చినా ఎండ దెబ్బ అనుకుని ఏదో క్రీమ్ రాసేస్తారు.

కీళ్ల నొప్పులని ఎముకల డాక్టర్ దగ్గరికి, జుట్టు రాలుతోందని చర్మం డాక్టర్ దగ్గరికి, రక్తం తక్కువగా ఉందని ఇంకొకరి దగ్గరికి, చివరికి కాళ్లు వాచాక కిడ్నీ డాక్టర్ దగ్గరికి. ఆఫీసులో బల్ల నుంచి బల్లకు తిరిగే ఫైలులా లూపస్ ఉన్న అమ్మాయి తిరుగుతూనే ఉంటుంది. ఎవరి సంతకం వాళ్లు పెడతారు, ఫైలు మాత్రం తేలదు. లూపస్ అని తేలడానికి ఏళ్లు పట్టడం చాలా దేశాల్లో మామూలు సంగతి. ఈలోగా కిడ్నీలు చడీచప్పుడు లేకుండా దెబ్బతింటుంటాయి. నొప్పి ఉండదు. మూత్రంలో నురగ కనిపిస్తుంది, దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ప్రభుత్వం ఒక జబ్బును లెక్కపెట్టకపోతే ఏమవుతుందో 2020లో ప్రపంచమంతా చూసింది. మనం మరిచిపోయాం. లూపస్ రోగుల్లో ఎక్కువ మంది రోజూ వేసుకునే బిళ్ల హైడ్రాక్సీక్లోరోక్విన్. ఒకప్పుడు మలేరియాకు వాడిన ఈ మందే దశాబ్దాలుగా లూపస్ చికిత్సకు వెన్నెముక. దీన్ని ఆపితే ఏమవుతుందో కెనడా పరిశోధకులు 1991లోనే చూపించారు. మానేసినవాళ్లలో జబ్బు తిరగబెట్టే ముప్పు కొనసాగించినవాళ్ల కంటే రెండున్నర రెట్లు ఎక్కువ. అలాంటి మందు కొవిడ్‌కు పనిచేస్తుందని 2020 మార్చిలో ఫ్రాన్స్ నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దాన్ని ఆకాశానికెత్తారు. మార్చి 25న భారత్ ఎగుమతులకు అడ్డుకట్ట వేసింది. 28న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అత్యవసర అనుమతి ఇచ్చింది. మూడు రోజులు తిరక్కుండానే అదే సంస్థ ఆ మందును కొరత ఉన్న మందుల జాబితాలో చేర్చాల్సి వచ్చింది. కొవిడ్ మీద అది పనిచేయదని తేలి జూన్ 15న అనుమతి వెనక్కి తీసుకున్నారు.

ఆ రెండున్నర నెలలూ లూపస్ రోగులు మందుల షాపుల చుట్టూ తిరిగారు. చాలా చోట్ల స్టాక్ లేదన్నారు. ఉన్న బిళ్లలను రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్లున్నారు. ఈ మందు వారాల తరబడి ఒంట్లో నిలిచి ఉంటుంది. కాబట్టి ఆపిన మర్నాడే ఏమీ కాదు. నెలో రెండు నెలలో పోయాక కీళ్లు బిగుసుకుంటాయి, జ్వరం మొదలవుతుంది, మూత్రంలో మళ్లీ ప్రొటీన్ కనిపిస్తుంది. అప్పటికి వార్తల హడావుడి సద్దుమణిగిపోయి ఉంటుంది. ఆ దెబ్బను ఈ కొరతతో ముడిపెట్టి చూసేవాడే ఉండడు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. మామూలుగా రాసే మోతాదు 200 మిల్లీగ్రాముల బిళ్లలు రోజుకు రెండు, అంటే నెలకు 60. ఒక దేశంలో ఈ మందు వాడే లూపస్ రోగులు లక్ష మంది ఉంటే నెలకు 60 లక్షల బిళ్లలు పక్కన పెట్టాలి. కీళ్లవాతం ఉన్నవాళ్లూ ఇదే వాడతారు కాబట్టి వాళ్ల వాటా కూడా కలపాలి. ఇది హైస్కూల్ పిల్లలు చేసే గుణకారం. కాకపోతే గుణించడానికి ముందు ఒక అంకె ఉండాలి. ఏ మంత్రిత్వ శాఖ దగ్గరైనా ఆ అంకె సిద్ధంగా ఉంటే నిల్వలను కొవిడ్ వార్డులకు మళ్లించే ముందు ఇంతమంది వాటా ముట్టుకోకూడదు అనగలిగేది. అంతకుముందు పదహారేళ్లుగా అవగాహన దినాలు జరుగుతూనే ఉన్నాయి. ఒక్క బిళ్లనైనా అవి ఆపగలిగాయా?

లెక్కపెట్టడం కుదరని పనేమీ కాదు. అమెరికాలో వ్యాధి నియంత్రణ కేంద్రం నిధులతో జార్జియా, మిషిగన్, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలోనూ, అక్కడి ఆదివాసుల ఆరోగ్య సేవల పరిధిలోనూ లూపస్ రిజిస్ట్రీలు, అంటే రోగుల నమోదు పట్టికలు, నడిపారు. ఆసుపత్రి రికార్డులు తిరగేసి, ఒక్కో కేసునూ ప్రమాణాలతో సరిపోల్చి ఎక్కించారు. వాటన్నిటినీ కలిపి 2021లో ఆ దేశంలో సిస్టమిక్ లూపస్ (ఒంట్లో పలు అవయవాలను దెబ్బతీసే రకం) ఉన్నవాళ్లు సుమారు 2,04,000 మంది అని అంచనా కట్టారు. అప్పటిదాకా రోగుల సంఘాలు అన్ని రకాల లూపస్‌లూ కలిపి 15 లక్షలు అనేవి. అంకె అంత చిన్నదైతే ఉద్యమం బలహీనపడుతుందని కొందరికి టెన్షన్ ఉండొచ్చు. నాకైతే పేరూ ఊరూ లేని 15 లక్షల కన్నా, రికార్డు చూపించగల రెండు లక్షలే ఎక్కువ అక్కరకొస్తాయి. ఆ లెక్కలోనే ఇంకో సంగతి తేలింది. తెల్లజాతి మహిళల కంటే నల్లజాతి మహిళల్లో ఈ జబ్బు రెండు రెట్లకు పైగా ఉంది, ఆదివాసీ మహిళల్లో ఇంకా ఎక్కువ. చికిత్స ఎవరి గుమ్మం దాకా వెళ్లాలో దీపాలు చెప్పలేదు, రిజిస్ట్రీ చెప్పింది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. క్షయ, క్యాన్సర్, గుండె జబ్బులతో సతమతమయ్యే ఆరోగ్య శాఖలు లూపస్‌కు ప్రత్యేక ఏర్పాటు ఎక్కడ చేస్తాయని అడుగుతారు. ప్రచారం పెరిగితే ఒళ్లు నొప్పులున్న ప్రతివాళ్లూ లూపస్ అనుమానం ఉంటే చేసే ఏఎన్ఏ అనే రక్త పరీక్షకు పరిగెత్తుతారని డాక్టర్లు భయపడతారు. ఆ భయంలో నిజముంది. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా గణనీయమైన సంఖ్యలో ఏఎన్ఏ పాజిటివ్ వస్తుంది. అయితే జనాన్ని భయపెట్టే పోస్టర్లు నేను అడగడం లేదు. అడిగేది ప్రాథమిక వైద్యుల శిక్షణ. కీళ్ల నొప్పులు, జ్వరం, ఎండ పడకపోవడం కలిసి కనిపించిన యువతికి ముందు మూత్ర పరీక్ష, బీపీ చూడమని చెప్పే శిక్షణ. దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది మరణ ధ్రువపత్రం. ఒక లూపస్ రోగి చనిపోయిందనుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నమూనా ఫారంలో మరణ కారణాలు ఒకదాని కింద ఒకటి రాయాలి. పై గడిలో సెప్టిక్ షాక్ అని రాస్తారు. దాని కింద న్యుమోనియా. ఇంకో గడిలో కిడ్నీ వైఫల్యం. అన్నిటికీ మూలం రాయాల్సిన అట్టడుగు గడి ఖాళీ. రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్‌కు పాత కేసు షీటు తిరగేసే తీరిక ఉండదు. గణాంక శాఖలు మూల కారణాన్ని బట్టే లెక్క కడతాయి. ఆమె కిడ్నీ మరణంగానో న్యుమోనియా మరణంగానో రిజిస్టర్‌కెక్కుతుంది. లూపస్ రోగుల మరణ పత్రాల్లో పెద్ద భాగంలో ఆ పేరే ఉండటం లేదని అమెరికాలో జరిగిన పరిశోధనలు బయటపెట్టాయి. బతికుండగా లెక్కలో లేదు, పోయాకా లేదు. తర్వాత అదే ప్రభుత్వం ఆ లెక్కలే చూపించి, లూపస్ మరణాలు తక్కువే కదా, ప్రాధాన్యం ఎందుకు అంటుంది!

ఇది లూపస్ ఒక్కదాని కథ కాదు. ప్రజారోగ్య యంత్రాంగం పుట్టిందే కలరా, మశూచి లాంటి అంటువ్యాధుల్ని లెక్కపెట్టడానికి. ఊళ్లు ఖాళీ చేసే జబ్బు వస్తే అది పరుగులు పెడుతుంది. పడుతూ లేస్తూ పాతికేళ్లు సాగే జబ్బు దాని కంటికి ఆనదు. అది ఆడవాళ్ల జబ్బయితే మరీ. అలసటగా ఉందంటే బద్ధకమంటారు. పైకి బాగానే ఉన్నావు కదా, అంటారు. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బితే ఒళ్లు చేశావంటారు. ఇంట్లో వాళ్లూ, మేనేజరూ, కొన్నిసార్లు డాక్టరూ ఇదే ధోరణి. 2017లో అమెరికా గాయని సెలెనా గోమెజ్ లూపస్ వల్ల కిడ్నీ మార్పిడి చేయించుకున్న సంగతి బయటపెట్టాక కోట్లమంది లూపస్ పేరు విన్నారు. ఒక గాయని చేసిన పాటి ప్రచారం ఎన్నో ఆరోగ్య శాఖలు చేయలేదు. కానీ విన్నంత మాత్రాన నమ్మరు. కడుపులో నొప్పి, నెలసరి నొప్పి, ప్రసవం తర్వాతి దిగులు, ఏది చూసినా ఆడవాళ్ల మాటకు ఆధార పత్రం అడగడం మన అలవాటు. సరే, ఆ పత్రమేదో ప్రభుత్వమే ఇవ్వాలి. దీర్ఘకాలిక వ్యాధుల అధికారిక జాబితాలో లూపస్ ఉంటే, సెలవు కోసం ఆమె తన అలసటను ప్రతిసారీ రుజువు చేసుకోనక్కర్లేదు.

మొదలుపెట్టడానికి చాలా చోట్ల కొత్త చట్టం కూడా అవసరం లేదు. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో సిస్టమిక్ లూపస్‌కు ఎం32 అనే కోడ్ ఎప్పటినుంచో ఉంది. ఆ కోడ్‌తో నమోదైన కేసుల్ని పెద్దాసుపత్రులు ఏడాదికోసారి ఒక చోటికి పంపాలి. మరణ పత్రం నింపేవాళ్లకు ఆ అట్టడుగు గడి ఎందుకో నేర్పాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ నిల్వల్లో పాత రోగుల వాటాను ముందే రాసి పెట్టాలి. డబ్బుల్లేవని ఏ ఆరోగ్య శాఖ అయినా అంటే, డయాలసిస్‌కు ఏటా ఎంత ఖర్చవుతోందో, ఆ కుర్చీల్లో లూపస్ వల్ల వచ్చి కూర్చున్నవాళ్లు ఎందరో అడగండి. మొదటిదానికి పైసలతో సహా చెబుతారు. రెండోదానికి ఫైళ్లు వెతుకుతారు.