స్పై సినిమాలు మన జిల్లా జనానికి ఎక్కవు అన్న మెసేజ్ కి నా సమాధానం

నెల రోజులుగా మా కందుకూరు సినిమా గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరగతా ఉంది, చదివిన ప్రతివాడూ కరెక్టే బ్రో అని ఇంకో నలుగురికి పంపిస్తా ఉండాడు. అందులో ఉండేది ఇది: స్పై సినిమా ఇంగ్లీషోళ్ళ సొత్తు, మనవాళ్ళు తీసేదంతా బాండ్ కాపీ. వంద కోట్లు లేకుండా ఆ జోలికి పోకూడదు. నెల్లూరు ఒంగోలు సైడు జనానికి మాస్ ఫైట్లు తప్ప ఇట్టాటివి బుర్రకెక్కవు. 2023లో వచ్చినవి పోయాయి కాబట్టి ఇంక తెలుగులో ఆ కథలు ఆపేయాలి. పదిహేనేళ్ళుగా ఈ రకం సినిమాలు వెతుక్కుని చూసేవాణ్ణి నేను, ఇందులో ఒక్క మాట కూడా నిలబడదు, ఎందుకో చెప్తా.

ముందు కాపీ సంగతి. మొదటి బాండ్ సినిమా 1962లో వచ్చింది, ఆ గాలి మన మీద కొట్టింది, కాదనను, 116 అనే నంబర్ చూస్తేనే తెలిసిపోద్ది. కానీ గూఢచారి 116 వచ్చింది 1966లో, మన దేశం రా సంస్థని పెట్టుకుంది 1968లో. బయటి దేశాల గూఢచర్యానికి మనకంటూ విడిగా ఒక సంస్థ లేకముందే తెలుగోళ్ళు ఆ సినిమా తీసేశారు, అదీ అప్పటికి రెండే సినిమాలు చేసిన కృష్ణ గారితో. మరుసటేడు దాన్నే హిందీ వాళ్ళు తీసుకుని ఫర్జ్ అని జితేంద్రతో తీశారు, అంటే అప్పుడు మన దగ్గర్నుంచి వాళ్ళు పట్టుకుపోయారు. తర్వాత కృష్ణ గారివే జేమ్స్ బాండ్ 777, ఏజెంట్ గోపి, ఈ రెండూ తీసిన కె.ఎస్.ఆర్. దాస్ గారిది వెంకటగిరి, మొన్న 2022లో జిల్లాలు మార్చేదాకా అది నెల్లూరు జిల్లానే. మన జిల్లా మనిషి 1971లోనే ఈ పని చేసి ఉంటే, మన జిల్లా వాళ్ళే ఇది మనది కాదు అని ఫార్వర్డ్ చేస్తా ఉంటే నాకు నిజంగా బాధేసింది.

డబ్బు సంగతికొస్తే, సూళ్ళూరుపేట దగ్గర వంద అడుగులు దాటిన తెర ఉండే థియేటర్ ఉంది కదా, 2019 ఆగస్టులో సాహోతో మొదలైంది, స్నేహితులతో అక్కడికి పోయి ఆ సినిమానే చూశా. ఖర్చంతా తెర మీద కనపడింది, ఆ అబుదాబీ చేజులు అంత తెర మీద చూడటం మర్చిపోలేను, కానీ తిరిగి వచ్చేటప్పుడు కార్లో మేం మాట్లాడుకుంది తెర గురించి, సౌండ్ గురించి, హీరోకి ఏమైపోద్దో అని లోపల ఒక్కసారన్నా గుండె జారిందా అంటే లేదు. దానికి ముందేడు ఆగస్టులో అడివి శేష్ గూఢచారి వచ్చింది, సాహో ఖర్చుతో పోలిస్తే చాలా చిన్న సినిమా, అందులో హీరో చెయ్యని హత్యలో ఇరుక్కుని సొంత సంస్థ నుంచే పారిపోతా ఉంటాడు, ఎవర్ని నమ్మాలో వాడికీ తెలవదు మనకీ తెలవదు, ఒంగోల్లో చూశా, ఇంటర్వెల్ కి బయటికొచ్చి టీ తాగుదామన్నా ఎవరూ సీట్లోంచి లేవలా. ఇంగ్లీషోళ్ళదే కావాలంటే 2006లో వచ్చిన కాసినో రాయల్ చూడండి, డేనియల్ క్రెయిగ్ మొదటి బాండ్, అందులో అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఒక పేకాట బల్ల. బల్ల, నాలుగు కుర్చీలు, ఎదుటోడి కళ్ళు. దానికి వంద కోట్లు ఎందుకబ్బా.

ఇక మూడో మాట, మన జనానికి ఎక్కవు అనేది, దీని మీదే నాకు కోపం ఎక్కువ. మా మామది పొగాకు వ్యవసాయం, ఆకు కాల్చే రోజుల్లో రాత్రంతా బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) దగ్గరే ఉంటాడు, వేడి తగ్గకుండా మంట చూసుకోవాలి కాబట్టి నిద్రపోకూడదు. రెండేళ్ళ కింద తోడుగా నేనూ పోయి ఫోన్లో రాజీ పెట్టా. 2018లో వచ్చిన హిందీ సినిమా, 1971 యుద్ధం ముందు ఒక కాశ్మీర్ అమ్మాయి పాకిస్తాన్ ఆర్మీ ఇంటికి కోడలిగా పోయి కబుర్లు చేరేస్తా ఉంటది. మామకి హిందీ అంతంత మాత్రం. అయినా ఆ ఇంటి నౌకరు అబ్దుల్ కి అనుమానం వచ్చిన దగ్గర్నుంచి నా చేతిలో ఫోన్ తన చేతిలోకి లాక్కున్నాడు. "దొరికిపోద్దిరా, ఆ అమ్మి మొహంలోనే కనపడిపోతా ఉంది" అంటాడు. జీపుతో ఆ నౌకర్ని గుద్ది చంపాల్సి వచ్చేటప్పటికి పాజ్ కొట్టి, బయటికి పోయి మంట చూసుకునొచ్చి, కాసేపు మాట్లాడలా. తర్వాత వేరే ఏమీ అనకుండా "వాడి తప్పేముందిరా పాపం" అన్నాడు.

ఆయన వేలం కేంద్రంలో బేళ్ళ పక్కన నిలబడి కొనేవాళ్ళ మొహాలు చూసి ఈరోజు రేటు లేస్తదో పడతదో చెప్తాడు. ఎవరు కొనాలని ఉండీ వద్దన్నట్టు నటిస్తా ఉండారో కనిపెట్టడం ఆయనకి అన్నం పెట్టే విద్య. అట్టాంటి మనిషికి గూఢచారి కథ బుర్రకెక్కదా? స్పై సినిమా అంటే అసలు అదే కదా, లోపల ఒకటి పెట్టుకుని బయట ఒకటి కనపడాలి, ఎదుటోడు చూసేస్తాడేమో అని క్షణక్షణం భయం. అది అర్థం కావడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. పైగా ఆ అమ్మాయి పంపే కబురు మన యుద్ధనౌక విక్రాంత్ ని ముంచాలని పాకిస్తాన్ ఘాజీ సబ్మెరైన్ ని పంపే ప్లాన్ గురించి, ఆ ఘాజీ మునిగింది మన విశాఖపట్నం దగ్గరే. దాని మీద 2017లో తెలుగులోనే సినిమా వచ్చింది, దాదాపు సినిమా అంతా ఒక సబ్మెరైన్ లోపలే, పాటలు లేవు, మన జనం చూడలా? జాతీయ అవార్డు కూడా వచ్చింది దానికి.

రాకెట్రీ సినిమా గురించి కూడా ఒక మాట, శ్రీహరికోట పక్కన పెట్టుకుని దాన్ని వదిలేస్తే తప్పు. 1994లో ఇస్రో సైంటిస్టు నంబి నారాయణన్ గారిని గూఢచారి అని జైల్లో పెట్టారు, 1996లో సీబీఐ అదంతా అబద్ధమని తేల్చింది, 2018లో సుప్రీంకోర్టు యాభై లక్షల పరిహారం ఇమ్మంది. మాధవన్ 2022లో తీసిన ఆ సినిమాలో హీరో గూఢచారి కాదు, గూఢచారి అన్న మాట మీద పడి నలిగిపోయిన మనిషి. షార్ లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, పనిచేసే మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న ఆ సినిమా అయిపోయాక కళ్ళు తుడుచుకోవడం నేను చూశా. ఈమధ్య సంవత్సరాల్లో నాకు బాగా నచ్చిన సినిమాలు చెప్పమంటే ఇది, రాజీ, ఇంకా కార్తీ సర్దార్, అందులో తండ్రి దేశం కోసం పనిచేసి దేశద్రోహి అనిపించుకుంటాడు.

చివరిది, 2023 ఫ్లాపులు. ఏజెంట్ పోయింది, నిజమే. అఖిల్ ఆ బాడీ కోసం పడిన కష్టం కనపడతా ఉంది, నేను ఆ కుర్రాణ్ణి ఒక్క మాట అనను, కానీ గూఢచారి అనేవాడు గుంపులో కలిసిపోవాలి, అంత దూరం నుంచే హీరో అని తెలిసిపోయేవాడు ఎవరి కళ్ళు కప్పుతాడు? బౌండ్ స్క్రిప్ట్ లేకుండా మొదలుపెట్టడం మా తప్పే అని ఆ నిర్మాత అనిల్ సుంకర గారే రిలీజైన నాలుగు రోజులకి అందరి ముందూ ఒప్పుకున్నారు. కథ రాసుకోకపోతే ప్రేమకథ కూడా పోద్ది, దానికి జానర్ ని ఉరి తీయమంటే ఎట్టా. ప్రతి ఏడూ ఎన్ని లవ్ స్టోరీలు పోవడంలా, ప్రేమకథలు ఆపేయండని ఎవరన్నా మెసేజ్ పెట్టారా?

మామ మొన్న ఫోన్ చేసి ఆ అమ్మి సినిమా లాంటిది ఇంకోటి ఉందా అని అడిగాడు. ఈసారి బ్యారన్ వెలిగించే లోపు శేష్ గూఢచారి ఆయన ఫోన్లోకి ఎక్కిస్తా ఉండా.