ఇంట్లో ఒక నీతి, ఐసీసీలో ఇంకో నీతి

రెండంచెల టెస్టుల ప్రతిపాదన 2025లో మళ్లీ పైకి తేలింది. పెద్ద జట్లు పెద్ద జట్లతో, చిన్నవి చిన్నవాటితో ఆడుకోవాలట. పోటీ రక్తి కట్టాలంటే అదే దారట. పోటీ గురించి అంత బెంగే ఉంటే ముందు కొలిచి చూడాలి. కొలిచే పద్ధతి ఉంది. జట్ల గెలుపు శాతాల మధ్య తేడా ఎంతుందో లెక్కగట్టి, అందరూ సమఉజ్జీలై ఉంటే ఎంత ఉండేదో దానితో భాగిస్తారు. 1 దగ్గర తేలితే సమతూకం. అంకె పెరిగేకొద్దీ ఒకరిద్దరి రాజ్యం.

2025 ఐపీఎల్ లీగ్ దశ పాయింట్లతో మేమే లెక్క వేశాం. పైన పంజాబ్, బెంగళూరు 19 పాయింట్లతో, అడుగున రాజస్థాన్, చెన్నై 8తో ఉన్న ఆ పట్టికలో 1.04 వచ్చింది. ఇది గాలివాటం కాదు. ఏ జట్టయినా ఆ సీజన్‌కు ఆటగాళ్ల మీద 120 కోట్లకు మించి ఖర్చు పెట్టకూడదు. అందరిదీ ఒకే వేలం పాట. 2008లో 14 మ్యాచ్‌లాడి రెండే గెలిచిన మన డెక్కన్ చార్జర్స్ మరుసటి ఏడే కప్పు కొట్టింది! 2025 దాకా జరిగిన 18 కప్పుల్లో పది ముంబై, చెన్నై పట్టుకుపోయిన మాటా నిజమే. ధోనీని 'అన్‌క్యాప్డ్' అని, అంటే దేశానికి ఆడనివాళ్ల లెక్కలో వేసి, చెన్నైని 4 కోట్లకే అట్టిపెట్టుకోనిచ్చిన రూలూ భారత క్రికెట్ బోర్డు (బీసీసీఐ) చలవే. అయినా సమతూకం ఎలా తేవాలో బీసీసీఐకి బాగా తెలుసు.

మరి ఆ తెలివి ప్రపంచ క్రికెట్‌ను నడిపే ఐసీసీ గడప దాటగానే ఏమవుతోంది? 2024-27 ఐసీసీ ఆదాయ పంపకాల్లో భారత బోర్డు వాటా దాదాపు 38.5 శాతం. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకు ఏడేసి శాతం కూడా లేదు. టెస్టు హోదా లేని తొంభైకి పైగా అసోసియేట్ దేశాలన్నిటికీ కలిపి 11 శాతం చిల్లర.

ఆదాయంలో సింహభాగం మన మార్కెట్‌దే కదా అంటారు. కాదనం. ఐపీఎల్‌లోనూ అందరి మార్కెట్ ఒకటి కాదు. అయినా అక్కడ ఎవరూ వేలంలో రెట్టింపు పర్సు అడగరు. అడిగితే బోర్డే ఒప్పుకోదు.

ఫలితం కళ్ల ముందే ఉంది. 2024 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌కు దక్షిణాఫ్రికా ద్వితీయ శ్రేణి జట్టును పంపింది. కెప్టెన్ నీల్ బ్రాండ్‌కు అదే తొలి టెస్టు. అసలు ఆటగాళ్లలో చాలామంది అక్కడి టీ20 లీగ్ ఎస్ఏ20లో ఉండిపోయారు. ఆ లీగ్‌లోని ఆరు జట్లూ ఐపీఎల్ యజమానులవే. 2023-25 టెస్టు చాంపియన్‌షిప్‌లో ఇంగ్లండ్ 22 టెస్టులు ఆడింది, దక్షిణాఫ్రికాకు దక్కినవి 12. అలాంటి జట్టే లార్డ్స్ ఫైనల్లో ఆస్ట్రేలియాను ఓడించి చాంపియన్‌షిప్ గద ఎత్తింది. రేపు రెండో అంచెలోకి నెట్టిన జట్లకు ఆ అవకాశమూ మిగలదు.

2016లో ఇదే ప్రతిపాదన వస్తే, చిన్న దేశాలు నష్టపోతాయని అడ్డుపడింది బీసీసీఐయే. అప్పుడు గుర్తొచ్చిన చిన్న దేశాలు డబ్బు పంచేటప్పుడు గుర్తుకు రాలేదెందుకు? ఇప్పుడు ఐసీసీ పీఠం మీద ఉన్నది ఆ బోర్డు కార్యదర్శిగా చేసిన జై షాయే. అడ్డుపడేవాళ్లు ఎవరూ లేరు, సాకూ లేదు. ముందు 38.5ను చర్చకు పెట్టండి, టెస్టుల అంచెల సంగతి తర్వాత చూడొచ్చు. వాటా ముట్టుకోనివ్వం, పట్టికను మాత్రం రెండు ముక్కలు చేస్తాం అంటే దాన్ని క్రికెట్ మీద ప్రేమ అనరు, పెత్తనం అంటారు.