పది మార్కుల గీత మన దగ్గర ఎక్కడ గీయాలె?

వాదానికి పెట్టుకున్న మాట ఇది: "తెలుగులోకి మార్చిన పీహెచ్‌క్యూ-9ని, 10 మార్కుల గీతతోనే, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఉన్నదున్నట్టు వాడొచ్చు." అవునంటున్నది జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో పనిచేసే వైద్యుడు. కాదంటున్నది ప్రశ్నావళుల కొలత మీద పనిచేసే పరిశోధకురాలు.

పీహెచ్‌క్యూ-9 అంటే డిప్రెషన్ మీద తొమ్మిది ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎన్ని రోజులున్నదో మనిషే చెప్పాలె. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వస్తే డిప్రెషన్ ఉండొచ్చని పట్టుకునేదే ఆ 10 మార్కుల గీత. మొదటి రెండు ప్రశ్నలను విడిగ పీహెచ్‌క్యూ-2 అంటరు. ఆశాలు ఇంటింటికీ తిరిగి ఆరోగ్య వివరాలు నింపే సీబ్యాక్ ఫారంలో ఉన్నవి ఆ రెండే.

వైద్యుడు: క్రోంకె, స్పిట్జర్, విలియమ్స్ 2001లో ఈ ప్రశ్నావళిని పరీక్షించి చూపిండ్రు. 10 దగ్గర గీత గీస్తే జబ్బున్నోళ్లలో నూటికి 88 మంది దొరికిండ్రు, జబ్బు లేనోళ్లలో 88 మంది సరిగ్గ పక్కకు పోయిండ్రు. ఒక్క అధ్యయనమే గదా అంటరేమో. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 17 వేల మందికి పైగా వివరాలను మనిషి మనిషికి కలిపి మళ్ల లెక్కించిండ్రు. అందులోనూ 10 గీతే మేలని తేలింది. ఇక్కడ చూస్తే 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన డిప్రెషన్ ఉన్నోళ్లలో నూటికి 85 మంది దాకా చికిత్స లేకుండనే ఉన్నరు. ప్రతి మండలానికి ఒక కొత్త కాంటా చేసుకుంట కూసుంటే ఆ 85 మందిని ఎవరు చూడాలె?

పరిశోధకురాలు: డాక్టర్ సాబ్, మీరు చెప్పిన 2019 పేపర్‌లోనే ఇంకో అంకె ఉన్నది. నిపుణుడు విడమరిచి అడిగే ఇంటర్వ్యూను గీటురాయిగ, అంటే జబ్బున్నదా లేదా అని తేల్చే ఆధారంగ, పెట్టుకుంటే 10 గీత 88 శాతం మందిని పట్టింది. రాసున్న ప్రశ్నలను మామూలు సర్వేదారు అప్పజెప్పినట్టు చదివే ఇంటర్వ్యూను గీటురాయి చేస్తే అదే గీత 70 శాతాన్నే పట్టింది. ప్రశ్నావళి మారలేదు, గీటురాయి మారింది. ఇక ఆ జాతీయ సర్వే 12 రాష్ట్రాల్లో చేసిండ్రు, వాటిలో తెలంగాణ లేదు. మీకూ నాకూ ఇప్పటిదాకా మన జిల్లా అంకె చేతిలో లేదు.

సరే, డిప్రెషన్ నూటికి 2.7 మందికి ఉన్నదని ఆ సర్వే చెప్పింది, మన దగ్గర కూడ అంతే అనుకుందాం. వెయ్యి మందిని అడిగితే 27 మందికి జబ్బున్నది. 88 శాతం లెక్కన 24 మంది దొరుకుతరు. మిగిలిన 973 మందిలో నూటికి 12 మంది లెక్కన 117 మంది జబ్బు లేకుండనే గీత దాటుతరు. మొత్తం 141 మందిని మీ దగ్గరికి పంపితే నిజంగ జబ్బున్నోళ్లు ఆరుగురిలో ఒకరు. ఒక పీహెచ్‌సీ కింద 20 వేల మంది పెద్దోళ్లుంటే 2,800 మంది వస్తరు. ఎంతమందిని చూడగలరు?

వైద్యుడు: అది నేను ఒప్పుకుంట. కానీ ఆ తప్పు ప్రశ్నావళిది కాదు, జబ్బు అరుదుగ ఉన్నచోట ఏ పరీక్షకైనా ఇదే గతి. అందుకే ఇంటింటికీ తొమ్మిది ప్రశ్నలు వద్దు, రెండు చాలు. ఓపీకి వచ్చినోళ్లకు, బాలింతలకు, టీబీ, షుగర్ ఉన్నోళ్లకు తొమ్మిది అడుగుదాం. అక్కడ నూటికి 20 మందికి జబ్బున్నదనుకుంటే, గీత దాటిన ముగ్గురిలో ఇద్దరికి నిజంగనే ఉంటది. లెక్క సరిపోయిందా?

పరిశోధకురాలు: లెక్క సరిపోయింది, ఆ 88 అనే అంకె ఇక్కడ కూడ నిలబడితే. నిలబడదని నాకెందుకు అనుమానమో ఒక్క ప్రశ్న పట్టుకొని చూపిస్త. మొదటి ప్రశ్న తెలుగులో సాధారణంగ ఇట్ల వస్తది: "పనులు చేయడంలో ఆసక్తి లేదా ఆనందం లేకపోవడం." పుస్తకంలో చదివితే తప్పేం లేదు. నల్లగొండ జిల్లా నాంపల్లి మండలంలో పత్తిచేను కలుపు తీసొచ్చిన ఆడమనిషికి ఇది చదివి వినిపియ్యండి. ఆమెకు "పని" అంటే కూలి. "కూలి పనిల ఆనందమేముంటది సారూ" అంటది. ఫారం నింపేటోళ్లు 3 వేస్తరు. ఆమె అడిగినదానికి నిజమే చెప్పింది. మనం అడగాల్సింది అడగలేదు.

వైద్యుడు: మార్చండి. "ఇదివరకు ఇష్టంగ ఉన్నవాటి మీద ఇప్పుడు మనసు పోతలేదా" అనండి. బతుకమ్మనో, ముచ్చట పెట్టుడునో ఉదాహరణ ఇయ్యండి.

పరిశోధకురాలు: బతుకమ్మ ఏడాదికి ఒక్కసారి వస్తది, మన ప్రశ్న రెండు వారాలది. మాఘమాసంలో అడిగితే అందరికీ లేదనే జవాబు. ముస్లిం ఇండ్లల్లో ఆ ఉదాహరణ అసలే పనికిరాదు. చూసిండ్రా, మీరు మంచిమనసుతోని మార్చినా కొలత చెడిపోయింది. అందుకే మార్చిన ప్రతి మాటనూ పదిహేను ఇరవై మందికి వినిపించి, "మీకేం సమజైంది, మీ మాటల్లో చెప్పండి" అని అడగాలె. ఇద్దరు విడివిడిగ తెలుగు చెయ్యాలె, అసలు ప్రతి చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషు చెయ్యాలె, తేడాలు కూసొని తేల్చుకోవాలె. తిరుగు అనువాదం ఒక్కటే చేసి చేతులు దులుపుకుంటరు చాలమంది. "పనులు" అన్న మాట తిరుగు అనువాదంలో చక్కగ పాసయితది, చేనులో ఫెయిలయితది.

వైద్యుడు: ఏడో ప్రశ్న మీద నేనే మీ తరఫున మాట్లాడుత. పేపర్ చదివేటప్పుడు, టీవీ చూసేటప్పుడు ధ్యాస నిలుస్తలేదా అని అడుగుతం. 2011 జనాభా లెక్కల్లో పాత మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. చదువురానోళ్లను పేపర్ గురించి అడిగి లాభం లేదు. ఇంతకన్న పెద్ద చిక్కు, ఇది ఎవరికి వాళ్లు నింపుకునే ఫారంగ పుట్టింది. మన దగ్గర ఆశా చదువుతది, పక్కన అత్త కూసుంటది.

పరిశోధకురాలు: అత్త ముందర ఆరో ప్రశ్నకు, అంటే ఇంటోళ్లకు నా వల్ల తలవంపులని అనిపిస్తున్నదా అన్నదానికి, కోడలు ఏం చెప్తది? అన్నీ సున్నాలే వస్తయి. సున్నాలు నిలువుగ ఒకే వరుసలో పడ్డ ఫారాలు కట్టలో ఎన్నున్నయో ముందుగ చూసుకోవాలె. ఇక జవాబుల సంగతి. "కొన్ని రోజులు", "సగం కంటే ఎక్కువ రోజులు", "దాదాపు ప్రతిరోజు" అన్నవి చెవికి ఒకటే తీరుగ వినిపిస్తయి. దీనికి 14 చింతగింజలు చాలు. "పోయిన అంగడికి ముందటి అంగడి నుంచి ఇయ్యాల్టిదాకా" అని కాలం గుర్తుచేసి, నిద్ర పట్టని రోజులెన్నో అన్ని గింజలు ఇటు జరపమనాలె. సున్నా, ఒకటి వస్తే 0. రెండు నుంచి ఆరు 1. ఏడు నుంచి పదకొండు 2. పన్నెండు, ఆపైన 3. అంగడి ఆదివారమో బుధవారమో ఊరిని బట్టి మారుతది, అది ముందే తెలుసుకొని పోవాలె.

వైద్యుడు: గింజలు బాగున్నయి, అవి నేను రేపే వాడుత. కానీ మీవోళ్లు అక్కడితో ఆగరు. "మనోళ్లు డిప్రెషన్ అనరు, రంది అంటరు, మనాది అంటరు" అని రందిని ప్రశ్నలో కలుపుతరు. రంది కలిపితే కొలత మునుగుతది మేడం. రోహిణి కార్తె పోయి చినుకు పడకపోతే ఊరందరికీ రందే. బిడ్డ పెండ్లి అప్పు రందే. రంది ఉన్నోళ్లందరికీ మందు రాయాల్నా?

పరిశోధకురాలు: వద్దు. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేటోళ్లు "కుఫుంగిసిస" అంటరు, అతిగ ఆలోచించుడని. అక్కడ ఆ మాట చుట్టూనే 14 ప్రశ్నల కొలత తయారుచేసిండ్రు, పనికొచ్చింది. కానీ అది పరీక్షించినంక పనికొచ్చింది. రందిని నేను పదో ప్రశ్నగ పెడుత, మార్కుల్లో కలప. గీటురాయి ఇంటర్వ్యూ అయినంక, ఆ పదో ప్రశ్న జబ్బున్నోళ్లను లేనోళ్లను వేరు చేసిందా, ఉత్త వాన లేని బాధనే కొలిచిందా చూస్త. చెయ్యకపోతే తీసిపారేస్త.

ఇప్పుడు ఫ్లోరైడ్ సంగతికి రండి. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఏండ్లపాటు బోరు నీళ్లు తాగి వెన్నెముక బిగిసినోళ్లున్నరు. మూడో ప్రశ్న నిద్ర. రాత్రి నడుము నొప్పికి మెలకువొస్తది: 3. నాలుగోది అలసట: 3. ఎనిమిదోది, కదలిక మెల్లగైందా: వంగలేని మనిషికి 3. మనసులో ఇంత రంది లేకుండనే 9 వచ్చింది. బువ్వ రుచించని రోజులు రెండుంటే 10. మీ గీత దాటిండు.

వైద్యుడు: ఇక్కడ మాత్రం నేను గట్టిగ నిలబడుత. మీరు చెప్పింది విని, ఫ్లోరైడ్ ఊర్లల్లో ఆ మూడు ప్రశ్నలు తీసేద్దామని ఎవరో ఒకరు అంటరు. నిత్యం నొప్పితో ఉన్నోళ్లకు డిప్రెషన్ ఎక్కువగ వస్తది గానీ తక్కువగ రాదు. మన పల్లెల్లో మనసు బాధ ఒంట్లోనే పలుకుతది. "పాణం బాగలేదు, కాళ్లు గుంజుతున్నయి" అని వస్తరు, ఏడ్చుకుంట రారు. ఒంటి ప్రశ్నలు తీసేస్తే నిజమైన జబ్బు చేజారుతది. రక్తహీనత ఉన్న ఆడోళ్లకూ ఇదే మాట. సగానికి పైగ ఉన్నరు వాళ్లు. అందరికీ అలసట ప్రశ్న తీసేస్తమా?

పరిశోధకురాలు: తీసెయ్యమని నేను అన్లే. తూకం చూడమంటున్న. ఫ్లోరోసిస్ ఉన్నోళ్లు 200 మంది, అదే వయసులో లేనోళ్లు 200 మంది కావాలె. ముందు ఒకటి, రెండు, ఆరు, తొమ్మిది ప్రశ్నల మార్కులను బట్టి మనసు బాధ సమానంగ ఉన్నోళ్లను జతచెయ్యాలె. ఆ జతలో నిద్ర, అలసట, కదలిక ప్రశ్నలకు ఒకదిక్కు ఎక్కువ మార్కులు పడుతున్నయా చూడాలె. పడకపోతే మీరే గెలిచిండ్రు, గీత 10 దగ్గరే ఉండనీ. పడితే ప్రశ్నలు అట్లనే ఉంచి, ఆ ఊర్లకు గీత ఎక్కడ పడాలెనో ఇంటర్వ్యూలను బట్టి తేల్చాలె. పత్తి కాంటా ఖాళీగ ఉన్నప్పుడే రెండు కిలోలు చూపిస్తే రైతు ఊకుంటడా? ముందు ముల్లు సున్నాకు తెమ్మంటడు. మర్రిగూడ సగటును, ఫ్లోరైడ్ లేని ఊరి సగటును పక్కపక్కన పెట్టి "ఇక్కడ డిప్రెషన్ ఎక్కువ" అని రాసేముందు అదే అడగాలె.

వైద్యుడు: ఇప్పుడు ఖర్చు చెప్పండి. ఆల్ఫా అనే అంకె 0.85 వచ్చింది, వ్యాలిడేషన్, అంటే కొలత సరైందేనని తేల్చుడు, అయిపోయిందని రాసే పేపర్లు నేను చాలానే చూసిన.

పరిశోధకురాలు: ఆల్ఫా చెప్పేది తొమ్మిది ప్రశ్నలు ఒకదానితోని ఒకటి కలిసి నడుస్తున్నయని. అన్నీ కలిసి నడుం నొప్పినే కొలిచినా ఆల్ఫా బాగనే వస్తది. పెద్ద ఆసుపత్రి డిప్రెషన్ వార్డు నుంచి 50 మందిని, క్యాంటీన్ దగ్గర 50 మందిని తీసుకొని పోల్చినా అంతే. మధ్యల ఉన్న అనుమానం కేసులు లేకుండ అంకెలు మెరుస్తయి.

సరైన లెక్క ఇది. సెన్సిటివిటీ, అంటే జబ్బున్నోళ్లలో నూటికి ఎంతమందిని గీత పడుతదో ఆ అంకె, 85 చుట్టూ ఉంటదని, పది అటూ ఇటూ తేలాలంటే జబ్బున్నోళ్లు 49 మంది కావాలె. 2.7 శాతం లెక్కన 1,800 మందిని అడగాలె. అందరికీ ఇంటర్వ్యూ అక్కర్లే. గీత దాటినోళ్లు సుమారు 253 మంది వస్తరు, వాళ్లందరికీ చెయ్యాలె. దాటని 1,547 మందిలో చీటీ తీసి పదికి ఒకరు, అంటే 155. మొత్తం 408. ఇద్దరు సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు రోజుకు నాలుగు చొప్పున చేస్తే 51 పనిదినాలు. మొదట ఇరవై ఇంటర్వ్యూలు ఇద్దరూ కలిసి కూసొని, విడివిడిగ తీర్పు రాసి పోల్చుకోవాలె.

వైద్యుడు: ఆ 155 మందిలో జబ్బున్న మనిషి ఒక్కరు దొరికితే లెక్కలో పదిమంది అయితరు. ముగ్గురు దొరికితే మీ సెన్సిటివిటీ కూలుతది. అంత ఊగే అంకెను నేను కలెక్టర్ ముందు ఎట్ల పెట్టాలె?

పరిశోధకురాలు: మంచి మాట పట్టిండ్రు. అందుకే చీటీ అందరికీ సమానంగ తియ్యొద్దు. 5 నుంచి 9 వచ్చినోళ్లలో ముగ్గురికి ఒకరు, 0 నుంచి 4 వచ్చినోళ్లలో ఇరవైకి ఒకరు. తప్పిపోయేటోళ్లు ఎక్కువగ ఉండేది గీత కిందనే. దాటనోళ్లను అసలే చూడకుండ సెన్సిటివిటీ రాసుకునే అధ్యయనాలకన్న ఊగే అంకె నయం. ఇంటర్వ్యూ అదే వారంలో కావాలె, రెండు వారాల ప్రశ్నకు నెల తర్వాత గీటురాయి పెడితే మనిషి బాగుపడి ఉండొచ్చు. ఇంటర్వ్యూ చేసేటోళ్లకు మార్కులు తెలియొద్దు.

వైద్యుడు: దేవరకొండ తండాల్లో? ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగు అంగడి భాష.

పరిశోధకురాలు: దాన్ని తెలుగు లెక్కలో కలపొద్దు. లంబాడీకి సొంత లిపి లేదు కాబట్టి ఆడమనిషి గొంతుతోని ప్రశ్నలు రికార్డు చేసి ఫోన్‌లో వినిపియ్యాలె, ప్రతిసారి అదే గొంతు, అదే మాట. అక్కడి గీత వేరేగ తేలేదాక, 10 దాటిండ్రని శాతాలు రాయొద్దు. సాయానికి మాత్రం పంపండి, దానికి ఎవరూ అడ్డురారు.

వైద్యుడు: చివరి చిక్కు నాది. మార్కులు ఇంటర్వ్యూ చేసేటోళ్లకు తెలియొద్దన్నరు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపిస్తున్నదా అన్నది. దానికి గింజ జరిగితే నేను మీ గోప్యత కోసం ఆగను.

పరిశోధకురాలు: ఆగొద్దు. అందుకే ఊరికి ముగ్గురం పోవాలె. ప్రశ్నావళి అడిగేటోళ్లు ఒకరు, ఇంటర్వ్యూ చేసేటోళ్లు ఒకరు, తొమ్మిదో ప్రశ్న మీద ఉన్నచోటనే కూసొని మాట్లాడేటోళ్లు ఒకరు. ఒక్క గింజ జరిగినా మూడో మనిషి అదే పూట కలవాలె, ఇంట్లో పురుగుమందు డబ్బాలు తాళం కిందికి పోయేటట్టు ఇంటోళ్లతోని చూడాలె, పల్లె దవాఖానోళ్లకు అప్పజెప్పాలె, మానసిక సాయం ఫోన్ లైను టెలీ మానస్ 14416కు అక్కడి నుంచే కలిపియ్యాలె. దవాఖానకు తీస్కపోవాల్సొస్తే ఆ ఇంటర్వ్యూ పోతది. పోనీ, 408లో ఒకటి తగ్గుతది.

వైద్యుడు: అయితే ఆ మూడో మనిషి 51 రోజుల జీతం, బండి కిరాయి కూడ బడ్జెట్‌లో రాయండి. ప్రతిపాదనల్లో మొట్టమొదట కొట్టేసేది ఆ వరుసనే.