‘హార్డెనర్ అలవాటైతే ఏమీ కాదు’ అన్న మాటలో నిజమెంత?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కార్లకు రంగులు కొట్టే షెడ్లవారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. ఘాటు వాసన లేకపోతే రంగులో ప్రమాదం లేదనీ, కొత్తలో వచ్చే దగ్గు అలవాటు పడితే పోతుందనీ, ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని సాయంత్రం బెల్లం తిని పాలు తాగితే ఊపిరితిత్తులు శుభ్రపడతాయనీ, అయినా జబ్బు చేస్తే అది ఒంట్లో బలం లేనివారి సమస్యేననీ దాని సారాంశం.

వీటిలో అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ‘అలవాటు’ వాదన. మెరుపు కోసం ఆఖరున కొట్టే రంగులేని పూత, అంటే క్లియర్ కోట్‌లో చిన్న డబ్బాలోని హార్డెనర్ కలుపుతారు. పూత గట్టిపడేది అందులోని ఐసోసైనేట్ల వల్లనే. ఇవి రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే రసాయనాలు కాబట్టి, నెలల తరబడి, కొందరి విషయంలో ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసిన పెయింటరుకు కూడా ఒకనాడు ఉబ్బసం మొదలు కావచ్చు, అటుపైన అతి కొద్ది మోతాదు పీల్చినా ఆయాసం రావచ్చు. అంటే ఇక్కడ కాలం గడిచేకొద్దీ శరీరం ఓర్చుకోవడం మాట అటుంచి, అసలు ఓర్చుకోలేని స్థితికి చేరవచ్చు. పైగా ఆ ఆయాసం తరచు షెడ్డులో కాక, ఇంటికి చేరాక రాత్రిపూట వస్తుంది గనుక నెపం చలిగాలి మీదికి పోతుంది. సెలవుల్లో తగ్గి, పనిలో చేరగానే తిరగబెడుతుంటే అనుమానించవలసింది హార్డెనర్‌నే. పని మానితే చాలామందికి మెరుగవుతుంది గానీ అందరికీ పూర్తిగా నయం కాదు. ఆలస్యం చేసేకొద్దీ ఆ అవకాశమూ తగ్గుతుంది.

ఇక వాసన సంగతి. షెడ్డులో గుప్పుమనేది ప్రధానంగా థిన్నర్. ఐసోసైనేట్లు ముక్కుకు తెలిసేసరికే గాలిలో వాటి మోతాదు హద్దు దాటి ఉంటుంది. ఆ హద్దు ఎంత చిన్నదో చెప్పాలంటే, పరుపుల ఫోమ్ తయారీలో వాడే టీడీఐ అనే ఐసోసైనేట్‌కు అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం 8 గంటల సగటుగా సూచించిన పరిమితి 0.001 పీపీఎం, అనగా వంద కోట్ల భాగాల గాలిలో ఒక్క భాగం.

కర్చీఫ్ ఆవిరిని ఆపదు. స్ప్రే గన్ ఆపాక పొగమంచులాంటి రంగు తెర కంటికి కనబడకపోయినా సన్నని తుంపర గాలిలోనే ఉంటుంది. మెరుపు ఎలా వచ్చిందో చూద్దామని మాస్కు పైకెత్తేది సరిగ్గా అప్పుడే. బయటి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా అందించే మాస్కు, గాలిని బయటికి లాగే బూత్ కావాలి. చర్మానికి తగిలినా ఎలర్జీ మొదలు కావచ్చు కనుక చేతితొడుగులూ తప్పవు.

పాలు, బెల్లం వెళ్లేది కడుపులోకి.

ఇది బలహీనుల జబ్బు అన్నదీ నిలవదు. ఐసోసైనేట్ల విషప్రభావాన్నీ, రసాయనాలూ రంగులూ తగలడం వల్ల వచ్చే చర్మవ్యాధినీ 2025 దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలే వృత్తిరోగాలుగా పేర్కొన్నది. అయితే ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్లు సాధారణంగా ఆ చట్టం లెక్కలోకి వచ్చేవి కావు గనుక, అక్కడ మాస్కు కొనవలసిన బాధ్యతను యజమానికి గుర్తుచేసే ఇన్‌స్పెక్టరు ఉండేవాడు కాదు.